డిస్కు చేరింది... దారేదీ?

విజయవాడ ఏలూరు రోడ్డులోనో, హైదరాబాద్ చిక్కడపల్లిలోనో ఒక పాతకాలపు డీటీపీ సెంటరు ఉందనుకోండి. ముందు గదిలో రెండు కొత్త కంప్యూటర్లు. వెనక మూల, ప్రూఫుల కట్టల పక్కన, దుమ్ము పట్టిన ఒక సీపీయూ. అందులో విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. ఇరవయ్యేళ్ల పనంతా ఆ డబ్బాలోనే ఉంది. శుభలేఖలు, సావనీర్లు, శతకాలు, కథల పుస్తకాలు. ఆ రచయితల్లో కొందరు ఇప్పుడు లేరు. నాన్న పుస్తకం మళ్లీ వేయిద్దామని పిల్లలెవరైనా వస్తే, ఆ ఫైలు సరిగ్గా తెరుచుకునేది ఆ ఒక్క సీపీయూలోనే!

ఎందుకంటే ఆ ఫాంట్లు యూనికోడ్ కాలం నాటివి కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చిన పద్ధతి అది. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తలకట్లు, గుడులు, ఒత్తులు అన్నీ పోయి పిచ్చి గుర్తులు మిగులుతాయి. ఇక పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబ్ దానికి 8 తేలేదు.

ఆ సీపీయూ ఈమధ్య మూలగడం మొదలుపెట్టింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దండం పెట్టుకుని స్విచ్చి వేయాల్సి వస్తోంది. అప్పుడొచ్చాడు మేనల్లుడు, ఇంజినీరింగ్ చదివినవాడు.

‘ఈ డబ్బా పోయినా పర్లేదు మామయ్యా. దీని హార్డ్‌డిస్కు మొత్తాన్ని ఒక ఫైలు కింద మార్చేసి కొత్త కంప్యూటర్లో పెట్టేద్దాం. ఎక్స్‌పీ అలాగే నడుస్తుంది.’

అన్నట్టే చేశాడు. డిస్కు ఫైలైంది. ఆ ఫైలు కొత్త కంప్యూటర్‌కు చేరింది. అక్కడి సాఫ్ట్‌వేర్‌కు తగ్గ రూపంలోకి మారింది. నూటికి నూరు శాతం పూర్తయిందని తెర మీద కనిపించింది. స్టార్ట్ నొక్కగానే విండోస్ బొమ్మ కూడా వచ్చింది. మామయ్య మొహం వెలిగేలోపే... నీలి తెర!

‘అంతా కాపీ అయిందన్నావు కదరా?’

‘అయింది మామయ్యా. ఒక్క బైటు కూడా పోలేదు.’

‘మరి?’

ఆ ‘మరి?’కి జవాబు తెలియకే చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఫైలు పాడైందనుకుని మళ్లీ మళ్లీ కాపీ చేస్తారు. పదిసార్లు చేసినా అదే తెర. తప్పు కాపీలో లేదు మరి!

కంప్యూటర్లో కంప్యూటర్

ఒక కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్ ఉన్నట్టు భ్రమ కల్పించడమే వర్చువల్ మెషీన్. కొత్త ఆలోచనేం కాదు. 1960ల్లోనే ఐబీఎం తన పెద్ద కంప్యూటర్ల మీద ఇది చేసి చూపింది. 1972లో వీఎం/370 పేరుతో అమ్మకానికీ పెట్టింది. మామూలు పీసీల్లోకి దీన్ని తెచ్చిన వాళ్లలో ముఖ్యమైనది 1998లో అమెరికాలో పుట్టిన వీఎంవేర్. మరుసటి ఏడాదే ‘వర్క్‌స్టేషన్’ అనే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. ఆ తర్వాత ఫాబ్రీస్ బెలార్డ్ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ 2003లో క్యూఈఎంయూని తెచ్చాడు. జర్మనీకి చెందిన ఇన్నోటెక్ తయారుచేసిన వర్చువల్‌బాక్స్ 2007లో అందరికీ ఉచితంగా అందింది. తర్వాత సన్ చేతికి, 2010లో ఒరాకిల్ చేతికి వెళ్లింది.

ఈ లోపలి కంప్యూటర్‌కు ప్రాసెసర్, మెమరీ, హార్డ్‌డిస్కు అన్నీ ఉంటాయి. కాకపోతే హార్డ్‌డిస్కు మాత్రం నిజానికి ఒక ఫైలు. దానికే వర్చువల్ డిస్కని పేరు. మేనల్లుడు చేసింది పాత సీపీయూలోని అసలు డిస్కును ఇలాంటి ఫైలుగా మార్చడమే. మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ విభాగం 2009లో విడుదల చేసిన ‘డిస్క్2వీహెచ్‌డీ’ లాంటి చిన్న ప్రోగ్రాములు ఈ పని చేస్తాయి.

ధాన్యం అదే... రిజిస్టరు వేరు

40 జీబీ హార్డ్‌డిస్కును 512 బైట్ల గదులుగా విడగొడితే సుమారు 7 కోట్ల 80 లక్షల గదులొస్తాయి. వాటిని వరసగా, ఉన్నవున్నట్టు ఒక ఫైల్లో రాసేస్తే దాన్ని ‘రా’ ఫార్మాట్ అంటారు. ఇందులో ఖాళీ గదులకూ చోటు కేటాయించాల్సిందే. అందుకే మిగతా ఫార్మాట్లు వాడుకున్న భాగాన్నే దాచి, ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టికను వెంట పెట్టుకుంటాయి. గోదాంలో బస్తాలు ఎలా పేర్చినా, ఏ రైతు బస్తా ఏ వరసలో ఉందో రిజిస్టరు చెబుతుంది కదా, అలాగన్నమాట.

ఒక్కో కంపెనీది ఒక్కో రిజిస్టరు. వర్చువల్‌బాక్స్‌ది వీడీఐ, మామూలుగా 1 ఎంబీ ముక్కల లెక్క. క్యూఈఎంయూది క్యూకౌ2, అది 64 కేబీ ముక్కలుగా రాసుకుంటుంది. వీఎంవేర్‌ది వీఎండీకే. మైక్రోసాఫ్ట్‌ది వీహెచ్‌డీ, 2 ఎంబీ ముక్కలు. ఈ వీహెచ్‌డీ వెనక ఓ చిన్న కథ కూడా ఉంది. దీన్ని తయారుచేసింది మైక్రోసాఫ్ట్ కాదు, కనెక్టిక్స్ అనే కంపెనీ. వాళ్ల వర్చువలైజేషన్ ఉత్పత్తులను మైక్రోసాఫ్ట్ 2003లో కొనేసింది. అయినా ఇప్పటికీ ప్రతి వీహెచ్‌డీ ఫైలు చివరి 512 బైట్ల మొదట్లో ఆ కంపెనీ పేరే ఉంటుంది. ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక ‘ఎన్’ తగ్గించి, సరిగ్గా ఎనిమిది అక్షరాల్లో! ఇల్లు అమ్మేసినా గుమ్మం మీద పాత యజమాని పేరు మిగిలినట్టు. వీహెచ్‌డీకి సుమారు 2 టీబీ హద్దుంది. దాన్ని దాటడానికి 2012లో 64 టీబీ దాకా పట్టే వీహెచ్‌డీఎక్స్ వచ్చింది.

ఒక ఫార్మాట్ నుంచి మరో ఫార్మాట్‌కు మార్చడం కష్టమేమీ కాదు. క్యూఈఎంయూతో వచ్చే ‘ఇమేజ్’ పనిముట్టు ఇవన్నీ చదవగలదు, రాయగలదు. వర్చువల్‌బాక్స్‌లోని మీడియా మేనేజర్లో కాపీ నొక్కినా, ఏ ఫార్మాట్ కావాలో అడిగి మార్చి పెడుతుంది. నిజానికి వర్చువల్‌బాక్స్ వీహెచ్‌డీ, వీఎండీకే ఫైళ్లను నేరుగానే తెరుస్తుంది. చాలాసార్లు మార్చే అవసరమే ఉండదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటే. మార్పిడిలో రిజిస్టరు మారుతుంది, ధాన్యం మారదు. లోపలున్న విండోస్‌కు తన ఇల్లు మారిన సంగతే తెలియదు. తానింకా ఆ పాత సీపీయూలోనే ఉన్నాననుకుంటూ నిద్ర లేస్తుంది. చిక్కంతా అక్కడే!

నీలి తెర ఏం చెబుతోంది?

కంప్యూటర్‌కు, హార్డ్‌డిస్కుకు మధ్య కంట్రోలర్ అనే దళారీ ఉంటుంది. ఒకప్పుడు ఐడీఈ, తర్వాత సాటా, సర్వర్లలో స్కజీ. వర్చువల్ మెషీన్లోనూ ఈ దళారీ తప్పనిసరి. అది కూడా నకిలీదే. మీ కంప్యూటర్ ఎంత కొత్తదైనా సరే, ఐడీఈ ఎంచుకుంటే వర్చువల్‌బాక్స్ లోపలి విండోస్‌కు చూపించేది 1990ల నాటి ఇంటెల్ చిప్పునే.

ప్రతి దళారీదీ ఒక భాష. ఆ భాష నేర్పేది డ్రైవర్. స్విచ్చి వేయగానే మొదట డిస్కును చదివేది విండోస్ కాదు, బయాస్. దాని సాయంతో విండోస్ తన కెర్నెల్‌నూ, మొదట్లోనే కావలసిన కొన్ని డ్రైవర్లనూ మెమరీలోకి తెచ్చుకుంటుంది. అంతవరకూ అంతా సాఫీగానే సాగుతుంది. అందుకే విండోస్ బొమ్మ కనిపిస్తుంది. ఆ తర్వాత బయాస్ చెయ్యి వదిలేసి, విండోస్ తన సొంత డ్రైవర్‌తో డిస్కును అందుకోవాలి. ఎదురుగా ఉన్న కంట్రోలర్‌కు సరిపడే డ్రైవర్ ఆ మొదటి గుంపులో లేకపోతే? తాను ఏ డిస్కు మీంచి లేచిందో ఆ డిస్కే దానికి కనపడదు. నీలి తెర వేసి ఆగిపోతుంది.

ఎక్స్‌పీలో ఆ తెర కింద చివర్న ‘7బి’ అని ముగిసే పొడుగాటి అంకె ఉంటుంది. మైక్రోసాఫ్ట్ దీనికి పెట్టిన పేరు ‘ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్’. లేపాల్సిన డిస్కు అందడం లేదని అర్థం. ‘డిస్కు పాడైంది’ అని కాదు, ‘డిస్కుకు దారి లేదు’ అని. ఈ తేడా తెలిస్తే సగం భయం పోయినట్టే.

మేనల్లుడి విషయంలో జరిగింది ఇదే. వర్చువల్ మెషీన్ తయారుచేసేటప్పుడు విండోస్ ఏ రకమని అడిగితే, కొత్త కంప్యూటర్లో ఉన్న వెర్షన్ పేరు ఎంచుకున్నాడు. దాంతో సాఫ్ట్‌వేర్ సాటా కంట్రోలర్ ఇచ్చింది. ఎక్స్‌పీకి పుట్టుకతో సాటా ఏహెచ్‌సీఐ డ్రైవర్ లేదు. పొరపాటు తెలుసుకుని ఐడీఈకి మార్చాడు. మళ్లీ అదే తెర! కారణం, ఆ పాత సీపీయూ వయా చిప్‌సెట్ ఉన్న అసెంబుల్డ్ మెషీన్. అప్పట్లో మన ఊళ్లలో అలాంటివి చాలానే అమ్ముడయ్యాయి. ఆ ఎక్స్‌పీ వయా ఐడీఈ డ్రైవర్‌నే మొదటి గుంపులో చేర్చుకుంది. ఇక్కడ ఎదురైందేమో ఇంటెల్ ఐడీఈ. డ్రైవర్ ఫైలు డిస్కులో ఉండొచ్చు. కానీ దాన్ని మొదట్లోనే పిలవాలని రిజిస్ట్రీలో రాసి లేదు.

పెళ్లి, పిచ్చి సామెత

డ్రైవర్ ఉన్నది డిస్కులో. డిస్కు చదవాలంటే డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది.

ఈ ముడి విప్పే సూత్రం ఒక్కటే. పాత దారి ఉండగానే కొత్త దారికి డ్రైవర్ సిద్ధం చేసుకోవాలి. కంట్రోలర్‌ను ఆ తర్వాతే మార్చాలి.

పాత సీపీయూ ఇంకా లేస్తోందంటే పని సులువు. ఇమేజ్ తీయడానికి ముందే అందులోని డివైస్ మేనేజర్లోకి వెళ్లి, ఐడీఈ కంట్రోలర్ డ్రైవర్‌ను ‘స్టాండర్డ్ డ్యూయల్ చానల్ పీసీఐ ఐడీఈ’కి మార్చాలి. ఇది ఏ కంపెనీకీ చెందని సాధారణ డ్రైవర్. దాదాపు ఏ ఐడీఈతోనైనా నెట్టుకొస్తుంది. మరో పద్ధతి, సాధారణ ఐడీఈ డ్రైవర్లన్నింటినీ మొదట్లోనే పిలిచేలా రిజిస్ట్రీలో వివరాలు చేర్చడం. ఎక్స్‌పీ డిస్కును వేరే కంప్యూటర్‌కు మార్చితే వచ్చే ఈ సమస్యకు అప్పట్లో మైక్రోసాఫ్టే ఈ మార్గం ప్రకటించింది.

పాత డబ్బా పూర్తిగా చచ్చిపోయి, ఇమేజ్ ఒక్కటే మిగిలితే? అప్పుడూ దారుంది. ఆ డిస్కు కాపీని చక్కగా నడుస్తున్న మరో వర్చువల్ మెషీన్‌కు రెండో డిస్కుగా తగిలించాలి. అక్కడి నుంచి పాత విండోస్ రిజిస్ట్రీ ఫైలును తెరిచి ఆ వివరాలు రాయాలి. చేయి తిరిగినవాళ్లు చేయాల్సిన పని ఇది. లేదంటే ఎక్స్‌పీ సీడీతో రిపేర్ ఇన్‌స్టాల్ చేయొచ్చు. ఏది చేసినా కాపీ మీదే చేయాలి. అసలు ఇమేజ్‌ను ముట్టుకోకూడదు.

తర్వాతి విండోస్‌లలో పని కాస్త తేలిక. విండోస్ 7లో ఏహెచ్‌సీఐ డ్రైవర్ ఉంటుంది గానీ, ఐడీఈ మీద ఇన్‌స్టాల్ చేస్తే నిద్రపోతూ ఉంటుంది. రిజిస్ట్రీలో ‘స్టార్ట్’ అనే విలువను 3 నుంచి 0కి మారిస్తే మేలుకుంటుంది. విండోస్ 8, 10లలో అయితే మొదట సేఫ్ మోడ్‌లో లేచేలా అమర్చి, ఆపి, కంట్రోలర్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేవనిస్తే చాలు. కొత్త డ్రైవర్‌ను అదే చేర్చుకుంటుంది. ఆ తర్వాత మామూలు మోడ్‌కు తేవచ్చు.

పెద్ద ఆఫీసులదీ ఇదే కథ

ఇదేదో మూలనున్న ఎక్స్‌పీ గొడవే అనుకుంటే పొరపాటు. వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో కొనేసింది. డిసెంబరులో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి, చందా పద్ధతికి మళ్లింది. ఖర్చు లెక్కలేసుకున్న సంస్థలు ఎన్నో వేరే దారి వెతుక్కున్నాయి. వియన్నాలో తయారయ్యే ప్రాక్స్‌మాక్స్ వాటిలో ఒకటి. వీఎంవేర్ నుంచి మెషీన్లను నేరుగా తెచ్చుకునే సదుపాయాన్ని అది 2024 ఏప్రిల్లో చేర్చింది.

అక్కడ వేగంగా నడవాలంటే వర్ట్‌ఐఓ అనే కంట్రోలర్ వాడాలి. దాని డ్రైవర్ విండోస్‌తో రాదు. తెచ్చిన మెషీన్‌ను నేరుగా దాని మీద పెడితే మళ్లీ అదే తెర. అందుకని అనుభవమున్న అడ్మిన్లు ఒక కిటుకు వాడతారు. అసలు డిస్కును ముందు సాటా మీదో ఐడీఈ మీదో ఉంచి విండోస్‌ను లేపుతారు. పక్కనే 1 జీబీ ఉత్తుత్తి డిస్కు ఒకటి వర్ట్‌ఐఓ మీద తగిలిస్తారు. డ్రైవర్ల సీడీ పెట్టి ఇన్‌స్టాల్ చేయగానే విండోస్ ఆ ఉత్తుత్తి డిస్కును గుర్తుపట్టి, డ్రైవర్‌ను తన జాబితాలో చేర్చుకుంటుంది. ఆపేసి, ఉత్తుత్తి డిస్కు తీసేసి, అసలు డిస్కును వర్ట్‌ఐఓకు మార్చి, బూట్ వరస సరిచేస్తారు. ఈసారి గుమ్మం దగ్గర ఆగదు.

లైనక్స్‌కు డ్రైవర్లు వెంటే ఉన్నా, మొదట లేచే చిన్న ఇమేజ్‌లో అవి లేకపోతే అదీ ఆగిపోతుంది. కొత్త కంట్రోలర్ డ్రైవర్‌తో ఆ ఇమేజ్‌ను ముందే మళ్లీ తయారుచేసుకోవాలి. పాత మెషీన్ బయాస్‌తో లేచేదో, యూఈఎఫ్ఐతో లేచేదో చూసుకుని కొత్తచోటా అదే పెట్టాలి.

గొడవ చేయని తప్పు

నిజం చెప్పాలంటే నీలి తెర నయం. గోల చేసి మరీ తప్పు చూపిస్తుంది. అసలు భయపడాల్సింది గోల చేయని తప్పుకు. దాని పేరు స్నాప్‌షాట్.

వర్చువల్ మెషీన్‌కు స్నాప్‌షాట్ తీస్తే, ఆ క్షణం నుంచి అసలు డిస్కు ఫైలు గడ్డకట్టినట్టు ఆగిపోతుంది. ఆ తర్వాతి పనంతా పక్కన మరో ఫైల్లో చేరుతుంది. మూడేళ్ల కిందట ఎవరో సరదాగా ఒక స్నాప్‌షాట్ తీసి మరచిపోయారనుకోండి. ఇప్పుడు పెద్ద ఫైలు ఒక్కదాన్నే చూసి మార్చేస్తే, మెషీన్ చక్కగా లేస్తుంది. ఫాంట్లుంటాయి, ఫోల్డర్లుంటాయి. మూడేళ్ల పని మాత్రం ఉండదు. ఈ లోపు పాత ఫైళ్లను చెరిపేసి ఉంటే ఇక ఏడ్చి ప్రయోజనం లేదు.

అందుకే మార్పిడికి ముందు స్నాప్‌షాట్లను అసలు డిస్కులో కలిపేయాలి. వర్చువల్‌బాక్స్‌లో దీనికి ‘డిలీట్’ నొక్కాలి. మాట చూసి భయపడక్కర్లేదు. పోయేది పాత స్థితి గుర్తే, ఇప్పటి పని కాదు. ‘రీస్టోర్’ నొక్కితేనే ప్రమాదం, అది వెనక్కి తీసుకెళ్తుంది.

మళ్లీ మన డీటీపీ సెంటరుకు వద్దాం. అదృష్టం కొద్దీ పాత సీపీయూ ఇంకోసారి లేచింది. మేనల్లుడు ఐడీఈ డ్రైవర్ మార్చి, ఇమేజ్ మళ్లీ తీశాడు. ఈసారి విండోస్ బొమ్మ తర్వాత నీలి తెర రాలేదు. అయినా మామయ్య తొందరపడలేదు. నేరుగా ఒక పాత పుస్తకం ఫైలు తెరిచాడు. మొదటి పేజీ, మధ్య పేజీ, చివరి పేజీ చూశాడు. ఒత్తులు ఒత్తుల్లా, గుడులు గుడుల్లా ఉన్నాయి. తర్వాత మొన్న వారమే చేసిన శుభలేఖ తెరిచాడు. అదీ ఉంది.

‘ఇక ఆ డబ్బా పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామా మామయ్యా?’

‘ఆగరా. ఇది మరో చోట కూడా లేస్తుందేమో చూసి, అప్పుడిద్దాం.’

కంప్యూటర్ చదువు లేకపోయినా మామయ్య అన్నదే అసలైన మాట. కాపీ అయిందని తెర చెబితే సరిపోదు. లేచి, తెరిచి, చదివితేనే అది మనదగ్గర ఉన్నట్టు.

ఇవి మరవొద్దు

- ఇమేజ్ తీసేముందు, మార్చేముందు లోపలి విండోస్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. హైబర్నేట్‌లోనో, సేవ్ చేసిన స్థితిలోనో ఉన్న డిస్కును మార్చకూడదు. నడుస్తున్న సీపీయూ నుంచి ఇమేజ్ తీసే పనిముట్లు వాడితే మాత్రం, మిగతా ప్రోగ్రాములన్నీ మూసేయాలి.

- ఏ కంట్రోలర్ మీద నడుస్తోందో ముందే కాగితం మీద రాసుకోవాలి. కొత్తచోట మొదట అదే కంట్రోలర్‌తో లేపి చూడాలి. మార్పులు తర్వాత.

- ఫార్మాట్, కంట్రోలర్ రెండూ ఒకేసారి మార్చొద్దు. తేడా వస్తే తప్పెక్కడుందో తేలదు.

- హార్డ్‌వేర్ మారిందని విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడగొచ్చు. లైసెన్సు వివరాలు దగ్గర పెట్టుకోవాలి. డాంగిల్‌తో నడిచే పాత సాఫ్ట్‌వేర్ ఉంటే, అది వర్చువల్ మెషీన్లో పనిచేస్తుందో లేదో ముందే పరీక్షించాలి.

- ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. దాన్ని వర్చువల్ మెషీన్లో నడిపినా ఇంటర్నెట్ కనెక్షన్ మాత్రం ఇవ్వొద్దు.

- అసలు ఇమేజ్ కాపీ ఒకటి వేరే డిస్కులో, వేరే చోట భద్రపరచాలి. కొత్తది కొన్నాళ్లు నమ్మకంగా పనిచేశాకే పాతదాని సంగతి ఆలోచించాలి.